కొండను, దిబ్బను విడదీయకండి: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారములు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డుకు ఎడమ వైపున సాగే కొండల వరుసను గురించి, దాని కింద ఒడ్డు వెంబడి ఉన్న ఊళ్లను గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఇక్కడి ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినందుకు మా మండల ప్రజలకు ఎంతో సంతోషం కలిగింది. దిబ్బ అనగానే పనికిరాని నేల అనుకునే అలవాటు మనకు ఉన్నది కనుక ఈ గుర్తింపు అవసరమే.

మొన్న వాన వెలిసిన మర్నాడు అక్కడికి వెళ్లాను. వంకల్లో నీరు కుంకుమ కలిపినట్టు పారుతున్నది, రెండు నిలువుల ఎత్తున్న గోడను వేలితో గీకితే మట్టి పొడిగా రాలింది. రక్షిత ప్రాంతం ఎక్కడ మొదలవుతుందో చెప్పే రాయి గానీ, కంచె గానీ నేను నడిచిన దారిలో కనిపించలేదు. వేల ఏళ్ల క్రితం సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి పోయగా, ఇనుప ధాతువు పట్టి ఎర్రబడిన ఈ దిబ్బలు ఇంకా రాయిగా గట్టిపడలేదు కనుక, పైనుంచి వచ్చే నీటి దారి మారితే కోత ఎటు మళ్లుతుందో ఎవరమూ ఆపలేము.

2019 అక్టోబరు వానలకు ఈ వరుసలోని తొట్లకొండ మీది బౌద్ధ మహాస్తూపం కూలిన సంగతి తమకు తెలిసే ఉంటుంది. ఆ స్తూపాన్ని తిరిగి నిలబెట్టగలిగారు. కూలిన దిబ్బను మాత్రం ఏ మేస్త్రీ తిరిగి కట్టలేడు. రెండు వేల ఏళ్లనాడు అక్కడి బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాన నీటిని పట్టుకున్నారు, కొండకు ఆ పేరు వచ్చిందే వాటివల్ల. పక్కనున్న బావికొండ పేరులోనూ నీళ్లే ఉన్నాయి. కొండ మీద కురిసిన చుక్క ఎటు పోతుందో ఆలోచించకుండా వారు ఇటుక పేర్చలేదు.

కాబట్టి తమను కోరేది ఒక్కటే. దిబ్బల హద్దును కాగితం మీద దిబ్బల వరకే గీసి వదిలేయకుండా, వాటిలోకి నీరు దింపే గెడ్డలను (వాగులను), ఆ గెడ్డలు పుట్టే వాలును కలిపి సర్వే చేయించి నేల మీద రాళ్లు పాతించండి. అది పూర్తయ్యేవరకు ఆ వాలు మీద రిసార్టుకు గానీ, వ్యూపాయింటుకు గానీ, కొత్త రోడ్డుకు గానీ అనుమతి ఇవ్వకండి. సర్వే బృందం మంగమారిపేట వంటి ఊళ్లకు వచ్చినప్పుడు ముందుగా మత్స్యకార పెద్దలతో కూర్చుని, పడవలు లాగే చోటు, వలలు ఆరబెట్టే చోటు వారి నోటనే విని పటంలో గుర్తించాలి. రక్షణ పేరుతో వారి ఒడ్డు వారికే మూసుకుపోతే మేము ఒప్పుకోము.

తొలి రాయి పాతే రోజు ముందుగా తెలియజేస్తే, గెడ్డల దారులు చూపడానికి మా ఊరి పెద్దలను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
భీమిలి మండల వాసి ఒకరు