మన తెలుగు పత్రాలను ఫోను చదవగలిగేలా ఇవ్వండి: కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. ఏలూరు రోడ్డు పక్క సందులో చిన్న షాపు. ఇరవై నాలుగేళ్లుగా తెలుగు మ్యాటర్ కొట్టడమే నా బతుకుతెరువు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కవితల పుస్తకాలు, సొసైటీల వార్షిక నివేదికలు, అప్పుడప్పుడు ప్రభుత్వ కార్యాలయాల నోటీసులు. రోజంతా అక్షరాల మధ్యే ఉంటాను కాబట్టి టెక్నాలజీ వార్తల్లో తెలుగు అన్న మాట కనిపిస్తే ఆగి చదువుతాను. అది ఎప్పుడో గాని కనిపించదు. బాగా గుర్తుండిపోయిన వార్తలు రెండున్నాయి. వాటి గురించి చెప్పి, తర్వాత నా విన్నపం చెబుతాను.

మొదటిది 2018 ఫిబ్రవరి నాటిది. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేస్తోందని దేశదేశాల పత్రికలు రాశాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. అది మెసేజ్‌లో వస్తే యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. వాట్సాప్, జీమెయిల్ వంటివన్నీ అదే దారి పట్టాయి. చాలామంది ఆ వార్తను నవ్వుకుంటూ పంచుకున్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం, కృతజ్ఞత రాసుకునే అక్షరం అది. తప్పంతా అక్షరానిదే అన్నట్టు శీర్షికలు పెట్టారు.

నిజానికి మనం మామూలుగా రాసే ‘జ్ఞానం’ వల్ల ఏ ఫోనూ ఆగలేదు. జ, దాని కింద పొల్లు, ఆ తర్వాత ఞ, ఆపైన కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘం. ఈ ఐదూ ఇదే వరసలో వస్తేనే అక్షరాలను గీసే సాఫ్ట్‌వేర్ తడబడింది. కనబడని ఆ గుర్తును జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ‘ఫేస్‌బుక్’ అని రాసినప్పుడు బకారం వెళ్లి సకారం కింద వత్తుగా కూర్చుంటుంది. కంప్యూటర్లో తెలుగు రాసేవాళ్లందరికీ రోజూ పనికొచ్చే గుర్తు అది. లోపం గీసే సాఫ్ట్‌వేర్‌లో ఉంది గనక ఐఫోన్ తయారుచేసే ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసి సరిచేసుకుంది.

రెండో వార్త 2024 మే 13న వచ్చింది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-4ఓ అనే మోడల్‌ను విడుదల చేస్తూ ఒక పట్టిక ఇచ్చింది. ఈ ఏఐ మోడళ్లు వాక్యాన్ని టోకెన్లు అనే చిన్న ముక్కలుగా కోసి చదువుతాయి. ముక్కలు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే, ఆలస్యమూ ఎక్కువే. నమస్కారం, నా పేరు ఫలానా, మిమ్మల్ని కలవడం సంతోషం అన్నటువంటి చిన్న పలకరింపు ఇంగ్లీషులో 27 ముక్కలయ్యేది. అదే తెలుగులో 159. కొత్త మోడల్‌లో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45 అయ్యాయని ఆ పట్టిక చెప్పింది. అంటే అప్పటిదాకా అదే మాటకు మన భాష దాదాపు ఆరు రెట్లు ముక్కలైపోతూ వచ్చింది. ఎందుకంటే కంప్యూటర్లో ఒక్కో తెలుగు సంకేతం దాచడానికి మూడు బైట్ల చోటు కావాలి, ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు. పైగా ఆ మోడళ్లు చదివి నేర్చుకున్న దాంట్లో తెలుగు మరీ కొంచెం. తక్కువగా చూసిన భాషను యంత్రం ముక్కలు ముక్కలుగానే చూస్తుంది.

ఈ రెండు లోపాలూ ఎక్కడో పుట్టాయి. మొదటిది అక్కడే పూర్తిగా సర్దుకుంది, రెండోది కొంత సర్దుకుంది. మూడో లోపం ఒకటి మన ఇంట్లోనే ఉంది. దాన్ని ఏ విదేశీ కంపెనీ అప్‌డేట్ కూడా సరిచేయదు. అందుకే మీకు రాస్తున్నాను.

కిందటేడు ఒక సాయంత్రం షాపు కట్టేసే వేళకు ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ రెండో సంవత్సరం. పుట్టుకతోనే చూపు లేదు. ఫోనులో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ తనే చేసుకుంటాడు, నాకంటే వేగంగా మెసేజ్‌లు పంపుతాడు. ఒక ప్రభుత్వ కార్యాలయం ఇచ్చిన స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ తెచ్చాడు. ఆరు పేజీల పీడీఎఫ్, మొత్తం తెలుగులోనే ఉంది. ‘సార్, మా భాషలోనే ఉందంట గానీ ఫోను ఏమీ చదవట్లేదు, ఒకసారి చూస్తారా’ అన్నాడు. చూస్తే అది ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కించిన కాగితం. ఫోను దృష్టిలో అది ఆరు ఫొటోలు. అందులో అక్షరం ఒక్కటీ లేదు. దరఖాస్తుకు మూడు రోజులే గడువు. ఆ రాత్రి కూర్చుని ఆరు పేజీలూ, ఏ ఫోనైనా తెలుగు అక్షరాలుగానే గుర్తించే యూనికోడ్‌లో కొట్టి అతనికి వాట్సాప్‌లో పంపాను. పొద్దున్నే ఫోన్ చేసి, ‘మొత్తం విన్నాను సార్, ఆదాయ ధ్రువపత్రం కావాలన్న ముక్క నాలుగో పేజీలో ఉంది, ఎవరూ నాకు చదివి చెప్పలేదు’ అన్నాడు.

నాకు నిద్ర పట్టని సంగతి ఇంకొకటుంది. ఆ నోటిఫికేషన్‌ను ఆ ఆఫీసులో ఎవరో కంప్యూటర్లోనే కొట్టారు. ప్రతి అక్షరమూ కీబోర్డు మీద వేళ్లతో కొట్టిందే. ఉన్న అక్షరాన్ని మనమే బొమ్మ చేసి ఇచ్చాం.

మా వృత్తి రహస్యం కూడా చెప్పాలి. స్కాన్ చేయని పీడీఎఫ్‌లు కూడా చాలావరకు ఇంతే. తొంభైల నుంచి మా వృత్తివాళ్లం పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో పని చేశాం. ఇప్పటికీ చాలా షాపులు, పత్రికలు, ఆఫీసులు ఆ ఫాంట్లే వాడుతున్నాయి. తెలుగు అచ్చుకు అవి చేసిన మేలు చాలా పెద్దది. అవి లేకపోతే మాలాంటివాళ్లకు ఈ పనే ఉండేది కాదు. కాకపోతే అవి వచ్చిన రోజుల్లో ఒక ఫాంటులో 256 గళ్లే ఉండేవి. తెలుగుకు వేరే చోటు లేదు. అందుకని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గళ్లలో తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట సర్దారు. కంటికి తెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ మ్యాటర్‌ను కాపీ చేసి ఫోనులో పెడితే చెత్త వస్తుంది. గూగుల్‌లో వెతికితే దొరకదు. చదివే యంత్రం చేతికిస్తే అర్థం లేని ముక్కలే పలుకుతుంది.

యూనికోడ్‌లో కొట్టినా పీడీఎఫ్ అయ్యాక పూర్తిగా నమ్మకం లేదు. పీడీఎఫ్ ఆకారాన్ని పట్టుకుంటుంది, అక్షరాన్ని జారవిడుస్తుంది. కాపీ చేస్తే వత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. అందుకే పీడీఎఫ్‌తో పాటు మామూలు టెక్స్ట్ కూడా ఇవ్వమని అడుగుతున్నాను.

మీ శాఖ ఈ విషయంలో ఏమీ చేయలేదని నేను అనను. ఈ-గవర్నెన్స్‌లో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని 2009లోనే ప్రకటించారు. 2022 జులైలో భారతీయ భాషల అనువాద వేదిక భాషిణి మొదలైంది. 2024 మార్చిలో ఇండియా ఏఐ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం సుమారు 10,372 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఆ రోజు వార్త చదివి చాలా సంతోషపడ్డాను. అయితే తెలుగు నేర్చుకోవాల్సిన యంత్రానికి మంచి తెలుగు ఎక్కడ దొరుకుతుంది? వ్యవసాయం మీద, ఆరోగ్యం మీద, భూమి మీద, చట్టం మీద ప్రభుత్వాలు ఇన్నేళ్లుగా ప్రచురించిన తెలుగు పుస్తకాల్లో, గెజిట్లలో, కరదీపికల్లో ఉంది. ఒకరు రాసి, ఒకరు దిద్ది, ఒకరు ప్రూఫ్ చూసి అచ్చయిన తెలుగు అది. అదంతా బొమ్మల్లో, పాత ఫాంట్లలో ఇరుక్కుపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం 8.11 కోట్ల మంది మాతృభాష ఇది. గెజిట్‌లో వచ్చినదాన్ని, చట్టసభల చట్టాలు తప్ప, ఎవరైనా మళ్లీ ప్రచురించుకోవచ్చని మన కాపీరైట్ చట్టమే చెబుతోంది. చేతికి అందే రూపంలో ఇస్తే వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ మాట చెబితే కొందరు చదువుకున్న మిత్రులు, ఇప్పుడు ఏఐ ఫొటోను కూడా చదివేస్తుంది కదా, ఈ బాధ ఎందుకు అంటున్నారు. చదువుతుంది. బాగానే చదువుతుంది. కానీ ద, ధ, థ మధ్య తేడా ఒక గీత, ఒక చుక్క. ప, వ మధ్య తేడా సన్నటి ఎడం. కథలో ఒక అక్షరం తప్పయితే పాఠకుడు సర్దుకుంటాడు. పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు, వారసత్వ పత్రంలో ఇంటిపేరు తప్పయితే ఆ రైతు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మా ఊళ్లో అందరికీ తెలుసు. ఉన్న అక్షరాన్ని బొమ్మ చేసి, ఆ బొమ్మ చూసి అక్షరం ఏమై ఉంటుందో యంత్రాన్ని ఊహించమనడం ఎందుకు? అక్షరమే ఇస్తే సరిపోతుంది.

ఇది రాష్ట్రాల పని అని మీ అధికారులు అనవచ్చు. తెలుగు పత్రాలు తయారుచేసేది ఎక్కువగా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలే, నిజమే. వాళ్లకూ విడిగా రాస్తాను. కానీ యూనికోడే ప్రమాణమని చెప్పింది మీరు. ఆ పత్రాలు చివరికి చేరే జిల్లాల వెబ్‌సైట్లు చూసేది మీ శాఖలోని జాతీయ సమాచార కేంద్రం, ఎన్ఐసీ. ఎక్కించే చోటే ఒక తనిఖీ పెట్టండి. ఫైల్లో యూనికోడ్ అక్షరాలు ఉన్నాయా లేదా అన్నది సాఫ్ట్‌వేర్ క్షణంలో చెప్పగలదు. లేకపోతే, టెక్స్ట్ కూడా జత చేయమని అక్కడే ఆపి అడగాలి. సంతకం ఉన్న స్కాన్ కాపీ కావాలంటే అదీ పెట్టుకోనివ్వండి, పక్కన టెక్స్ట్ ఉండాలి. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. చూపు లేని మా కుర్రాడికి ఆ తీర్పు ఫలం అందాల్సింది ఈ అప్‌లోడ్ బటన్ దగ్గరే.

పాత పత్రాల విషయంలో నాది ఒక సూచన. పెద్ద టెండర్లు పిలిచి, లక్షల పేజీలను మళ్లీ స్కాన్ చేయించే పని ముందు పెట్టుకోకండి. ఈ మ్యాటర్ చాలావరకు ఇంకా ఫైళ్లుగానే బతికి ఉంది. ఆఫీసుల్లో పాత సిస్టముల్లో, మాలాంటి షాపుల్లో సీడీల్లో, హార్డ్ డిస్కుల్లో ఉంది. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి వందకు వంద సరిగా మార్చవు. ఏ ఫాంటులో ఏ వత్తు తేడా కొడుతుందో, ఏ సున్న ఎగిరిపోతుందో కంటితో పట్టగలిగేది ఏళ్ల తరబడి అందులో కొట్టినవాళ్లే. ఆ మనుషులు ఇప్పుడు యాభైలు దాటుతున్నారు. షాపులు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. కిందటి సంక్రాంతికి మా సందులోనే ఒకాయన షాపు ఖాళీ చేసి, కంప్యూటర్లు పాత ఇనుప సామాన్ల వాడికి తూకానికి అమ్మేశారు. అందులో ఏమేం పుస్తకాలు ఉన్నాయో ఆయనకే గుర్తు లేదు. ఇంకో పదేళ్లు ఆగితే ఫైళ్లూ ఉండవు, చదవగలిగేవాళ్లూ ఉండరు. పేజీకి ఇంత అని కూలి ఇచ్చి మాచేత చేయించండి. మాకు పని దొరుకుతుంది, మీకు మంచి తెలుగు దొరుకుతుంది. అలా వచ్చినదాన్ని తాళం వేయకుండా అందరికీ ఇవ్వండి. భాషిణికీ, స్టార్టప్‌లకూ, చదువుకునే పిల్లలకూ, వికీపీడియాలో పైసా తీసుకోకుండా రాసేవాళ్లకూ.

మా షాపులో పాత సిస్టమ్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, పాత ఫాంట్లు అన్నీ అందులో ఉన్నాయి. 2003 నుంచి నేను కొట్టిన మ్యాటర్ నలభై దాకా సీడీల్లో ఉంది, కొన్ని సీడీలు ఇప్పటికే తెరుచుకోవడం లేదు. మీ శాఖ నుంచి ఎవరిని పంపినా పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఫైలు ఎలా మార్చాలో మొదటి పేజీ నుంచి చూపిస్తాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక డీటీపీ ఆపరేటర్