సిగరెట్ ఫోటో తీసినావిడ సంగతి

ఒరే మామా,

నువ్వు వాట్సాప్‌లో పడేసిన ఫోటో చూశాను. నెహ్రూ నోట్లో సిగరెట్టు, ఎదురుగా ఉన్న తెల్లావిడ సిగరెట్టు ముట్టిస్తున్నాడు. కింద నెహ్రూని తిడుతూ ఎవడో రాసిన పురాణం కూడా చదివాను. దాని జోలికి పోను, పోతే మనిద్దరికీ మళ్ళీ గొడవే. ఆవిడ అప్పటి బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్ గారి భార్య, ఉన్నది బి.ఓ.ఏ.సి. అనే బ్రిటిష్ విమాన సంస్థ వాళ్ళ విమానంలో. కథ అంతే. ఆ ఫోటోలో ఉన్నవాళ్ళ గురించి జనం ఇన్నేళ్ళుగా కొట్టుకుంటున్నారు గానీ, తీసిందెవరని ఒక్కడూ అడగడు. నువ్వూ అడగలేదు. అందుకే ఫోన్ పక్కన పెట్టి తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా.

తీసింది హోమై వ్యారావాలా అని ఒక పార్సీ ఆవిడ. మన దేశంలో పత్రికల కోసం ఫోటోలు తీసిన మొదటి మహిళ. 1913 డిసెంబర్ 9న గుజరాత్‌లోని నవ్‌సారిలో పుట్టింది. నాన్న ఊరూరా తిరిగే పార్సీ నాటక కంపెనీలో నటుడు. నాటకాలాడేవాళ్ళ ఇంట్లో డబ్బు సంగతి నీకు తెలియనిది కాదు. అయినా పిల్లని బొంబాయిలో చదివించారు. మెట్రిక్ దాకా నెగ్గుకొచ్చిన ఆడపిల్ల ఆ తరగతిలో తనొక్కతే. తర్వాత సెయింట్ జేవియర్స్ కాలేజీ, జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్.

పదమూడేళ్ళప్పుడు మానెక్‌షా అనే కుర్రాడు పరిచయమయ్యాడు. అతనికి కెమెరా పిచ్చి. తర్వాత టైమ్స్ ఆఫ్ ఇండియాలో అకౌంటెంట్‌గా చేశాడు. ఫోటో తీయడం, కడగడం, ప్రింటు వేయడం అన్నీ అతనే ఈవిడకి నేర్పాడు. 1941లో పెళ్ళి చేసుకున్నారు. మొదట్లో బొంబాయి క్రానికల్ పత్రిక వాళ్ళు ఈవిడ ఫోటోకి రూపాయి చొప్పున ఇచ్చారట. ఆడవాళ్ళ క్లబ్బు పిక్నిక్ ఫోటోలవి. ఇలస్ట్రేటెడ్ వీక్లీలోనూ వచ్చేవి. కానీ కింద పేరు మాత్రం మొగుడిది! ఊరూ పేరూ లేని ఆడమనిషి తీసిందంటే ఎవరూ పట్టించుకోరని అలా వేసేవాళ్ళు. నాకు చదువుతుంటేనే ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం దాన్ని పెద్ద అన్యాయంలా చెప్పుకోలేదు.

1942లో బ్రిటిష్ సమాచార విభాగంలో ఉద్యోగం వచ్చి మొగుడూ పెళ్ళాలు ఢిల్లీ చేరారు. బయటి పత్రికలకి కూడా తీసుకోవచ్చని ఒప్పుకున్నారు. ఇక ఆ ఊళ్ళోనే దాదాపు ముప్పై ఏళ్ళు. చీర కట్టుకుని, భుజాన కెమెరా సామాను వేసుకుని, సైకిలు తొక్కుకుంటూ మీటింగులకి వెళ్ళేది. చూసినవాళ్ళు ఈవిడేదో సరదాకి, షో చేయడానికి కెమెరా పట్టుకు తిరుగుతోందనుకునేవారు. మామూలుగా మనకైతే ఉక్రోషం వస్తుంది కదా? ఆవిడ లెక్క వేరు. సీరియస్‌గా తీసుకోకపోబట్టే ఎక్కడికి వెళ్ళినా నన్నెవరూ ఆపలేదు, అందుకే మంచి ఫోటోలు దొరికాయి అని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. అచ్చయ్యాక గానీ ఈవిడ పని చేస్తోందని వాళ్ళకి తెలియలేదు. నాకు ఆవిడలో బాగా నచ్చింది ఈ గడుసుతనమే.

ఆ రోజుల్లో కెమెరా అంటే ఏమిటో నీకు చెప్పాలి, ఎందుకంటే నువ్వు మేనల్లుడి పెళ్ళిలో వెయ్యి ఫోటోలు తీసి ఒక్కటీ బాగోలేదని ఏడ్చినవాడివి. ఈవిడ వాడిన వాటిలో స్పీడ్ గ్రాఫిక్ అని ఒకటుంది. రెండు చేతులూ నిండే పెట్టె. అందులో రీలు ఉండదు, నాలుగంగుళాలు బై ఐదంగుళాల ఫిల్మ్ షీట్లు, ఒక్కో హోల్డర్‌కి అటొకటి ఇటొకటి, మొత్తం రెండే. హోల్డర్ దూర్చాలి, ఫిల్మ్ ముందున్న రేకు బయటికి లాగాలి, షటర్ బిగించాలి, ఫ్లాష్‌కి కొత్త బల్బు పెట్టాలి, అప్పుడు నొక్కాలి. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి చచ్చిపోతుంది. చెయ్యి కాలకుండా దాన్ని పీకాలి, రేకు మళ్ళీ మూయాలి, హోల్డర్ తిప్పి పెట్టాలి. ఈలోపు నాయకుడు నవ్వడం అయిపోతుంది, కారెక్కడమూ అయిపోతుంది. అంటే నొక్కేముందే ఏం జరగబోతోందో పసిగట్టాలన్నమాట. ఇంటికొచ్చాక డార్క్‌రూమ్ పని మళ్ళీ ఉండనే ఉంది. అందులో మానెక్‌షా చెయ్యి చాలా ఉంది.

అలా పట్టుకున్నవి చూడు. 1947 జూన్‌లో దేశ విభజనకి సరేనంటూ కాంగ్రెస్ పెద్దలు చేతులెత్తిన సమావేశం. ఆ ఆగస్టు 16న ఎర్రకోట మీద ఎగిరిన జెండా. మౌంట్‌బాటెన్ ఢిల్లీ విడిచి వెళ్ళడం. గాంధీ అంత్యక్రియలు. 1956లో నాథూ లా కనుమ మీదుగా సిక్కింలోకి వచ్చిన దలైలామా, అది అమెరికా వాళ్ళ లైఫ్ పత్రిక కోసం. హో చి మిన్, ఎలిజబెత్ రాణి, జాకీ కెనెడీ... మన స్కూలు పుస్తకాల కాలమంతా ఆవిడ డబ్బాల్లో ఉంది.

వీటన్నిటిలో నాకు ఇష్టమైంది మాత్రం పెద్ద ఘట్టమేమీ కాదు. 1954, ఢిల్లీలోని పాలం విమానాశ్రయం. చెల్లెలు విజయలక్ష్మీ పండిట్ కోసం నెహ్రూ ఎదురు చూస్తున్నాడు. పక్కనే 'ఫోటోలు తీయడం నిషేధం' అని బోర్డు. ఆ బోర్డునీ ఆయన్నీ కలిపి ఒకే ఫ్రేములో బిగించేసింది! ఆ క్షణంలో ఆయన ప్రధాని కాదు, విమానం ఎప్పుడొస్తుందా అని చూసే అన్నయ్య. నెహ్రూ అంటే ఆవిడకి ప్రాణం. 1964లో ఆయన పోయినప్పుడు తోటి ఫోటోగ్రాఫర్లకి కనబడకుండా మొహం దాచుకుని ఏడ్చిందట. ఇంత అభిమానం ఉన్న మనిషి తీసిన ఫోటోనే ఇప్పుడు ఆయన్ని తిట్టడానికి వాడుతున్నారు, చూశావా.

జీవితమంతా బాధపెట్టిన ఫోటో ఒకటుంది, తీయనిది. 1948 జనవరి 30న గాంధీ ప్రార్థన సభకి బయల్దేరింది. మానెక్‌షా వెనక్కి పిలిచి, రేపు ఇద్దరం కలిసి వెళ్దాంలే అన్నాడు. ఆ సాయంత్రమే గాంధీని కాల్చేశారు.

ఇంకో తమాషా. ఆవిడ 'డాల్డా 13' అని పేరు పెట్టుకుంది. పుట్టింది 1913, మానెక్‌షాని కలిసింది 13వ ఏట, మొదటి కారు నంబరు డి.ఎల్.డి. 13, ఆ అక్షరాలే డాల్డా అయ్యాయి. అందరూ దడుచుకునే అంకెని బిరుదులా తగిలించుకుంది.

1969లో మానెక్‌షా పోయాడు. మరుసటేడు ఆవిడ కెమెరా పక్కన పెట్టేసింది. కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల తోపులాట, మర్యాద లేకపోవడం నచ్చలేదంది. మాకు పద్ధతులుండేవి, ఎలా నిలబడాలో ఎలాంటి బట్టలేసుకోవాలో కూడా చూసుకునేవాళ్ళం అనేది. తర్వాత పిలానీలో కొడుకు దగ్గర, 1982 నుంచి వడోదరలో. 1989లో క్యాన్సర్‌తో ఆ ఒక్క కొడుకూ పోయాడు. ఇక ఒంటరిగానే ఉంది. మొక్కలు పెంచుకుంది, ఇంటి పనులన్నీ సొంతంగా చేసుకుంది. ఆ వీధిలో ఎంతమందికి ఆవిడెవరో తెలుసుంటుందంటావు? సబీనా గడిహోక్ అనే పరిశోధకురాలు ఓపిగ్గా కూర్చుని ఆవిడ జీవితం రాశాక, అదీ 2006లో, జనం మళ్ళీ తలుచుకోవడం మొదలుపెట్టారు. ఫోటోల నిధిని ఢిల్లీలోని ఆల్కాజీ ఫౌండేషన్ అనే కళల సంస్థకి అప్పగించింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2012 జనవరి 15న, 98 ఏళ్ళకి వెళ్ళిపోయింది.

నాకు కొరుకుడు పడనిది ఆ మానేయడమేరా. కొత్తవాళ్ళ పద్ధతి నచ్చకపోతే మానేస్తారా ఎవరైనా? చేతిలో విద్య ఉంది, ఇంకా యాభయ్యారేళ్ళే. ఎమర్జెన్సీ రోజుల్లో ఆవిడ ఢిల్లీలో కెమెరాతో ఉండుంటే ఏం తీసేదో అని నాకు మహా ఇదిగా ఉంటుంది. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. డార్క్‌రూమ్‌లో పక్కన నిలబడే మనిషే పోయాక ఎవరి కోసం తీయాలి, తోపులాట అన్నది పైకి చెప్పిన కారణం అంటుంది. దీని మీద మాకు రెండు పూటలా వాదనే. చెల్లెమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించి, తను ఎవరి వైపో రాయి. నువ్వు నా వైపే అని నాకు తెలుసు, నీ ఓటు లెక్కలోకి రాదు.

ఉంటాను మరి.