సగం గ్లాసు టీ

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

పోస్టులో ఉత్తరం చూసి ఎవరో పోయారని కంగారుపడి ఉంటావు. ఎవరూ పోలేదు. ఫోను చేద్దామని నీ నంబరు మూడుసార్లు తీశాను. నేను పలకరించగానే నువ్వు నా గొంతులో మత్తు వెతుకుతావు. నిన్ను అనడానికి లేదు, నేను నేర్పిన అలవాటే. కాగితానికి వాసన రాదు కదా అని ఇలా రాస్తున్నాను.

మందు మాని పదహారు రోజులైంది.

మొదట సొంత తెలివితో మానాను. శుక్రవారం రాత్రి ఆపాను, ఆదివారం పొద్దునకు చొక్కా బొత్తాలు పెట్టుకోలేనంతగా చేతులు వణికాయి. మీ చెల్లెలు నన్ను పొగతోటకు లాక్కెళ్లింది. ఏ జబ్బు చేసినా నెల్లూరు వాళ్లం చేరేది ఆ సందుల్లోకే కదా. డాక్టరు గట్టిగా తిట్టాడు. తాగినందుకు కాదు, చెప్పకుండా మానినందుకు! ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చట, లేనివి కనిపించవచ్చట, ప్రాణం మీదికీ రావచ్చట. నాలుగు రోజులు పడుకోబెట్టి బి1 విటమిన్ ఇంజక్షన్లు, వణుకు తగ్గే మాత్రలు ఇచ్చారు. వచ్చేటప్పుడు, "ఒంటి సంగతి నేను చూశాను, మిగతాది ఏఏ మీటింగులో చూసుకో" అన్నాడాయన.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం. ఎక్కడ జరుగుతుందో ఎవరిని అడగాలి? పక్కింటివాళ్లను అడగలేం కదా. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అని ఉచిత నంబరు ఉంది, దానికి చేశాను. అక్కడి నుంచి ఒకరు, ఆయన నుంచి ఇంకొకరు, చివరికి మన ఊళ్లోనే ఒక పెద్దాయన దొరికాడు. ఒక బడి వెనక గదిలో సాయంత్రం ఏడు గంటలకు అన్నాడు.

వెళితే తాళం! వారం మారిందట, నేను సరిగ్గా వినలేదు. ఆ తాళం చూసి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నా ప్రయత్నం నేను చేశాను, దేవుడే వద్దన్నాడు అనుకుంటూ తిరిగొస్తుంటే దారిలో బ్రాందీ షాపు. జేబులో క్వార్టరుకు సరిపడా డబ్బులు. ఎందుకు చేశానో తెలియదు, పెద్దాయనకు ఫోను చేశాను. "అక్కడే ఉండండి" అన్నాడు. పావుగంటలో స్కూటరు మీద వచ్చాడు. ఒక్క నీతి వాక్యం చెప్పలేదు. ఎదురుగా బండి దగ్గర చెరుకురసం తాగించి, ఇంటి దగ్గర దింపి, గురువారం రమ్మని వెళ్లిపోయాడు.

గురువారం వెళ్లాను. తొమ్మిది మంది ఉన్నారు. నుదుట విభూతి పెట్టుకున్నాయన, టోపీ పెట్టుకున్నాయన, మెడలో సిలువ వేసుకున్న కుర్రాడు. గోడకు, తాగుడు నుంచి బయటపడే పన్నెండు మెట్లు రాసిన కాగితం. అందులో దేవుడి మాట ఉంది కానీ, ఎవరికి తోచిన దేవుడు వాళ్లకే. ఏడుపుగొట్టు మొహాలు ఉంటాయనుకున్నాను, లోపల నవ్వులు! ఒకాయన సీసాను బియ్యం డ్రమ్ములో దాచి, భార్య అన్నానికి బియ్యం తీస్తుంటే చేతికి తగిలిన కథ చెబుతున్నాడు. నేను పప్పు డబ్బాలో దాచేవాణ్ణి, నీకు తెలుసుగా.

టీ ఇచ్చారు. స్టీలు గ్లాసు నిండా. నా చెయ్యి ఇంకా కాస్త వణుకుతూనే ఉంది, అంచు దాటి ప్యాంటు మీద పడింది. పక్కన కూర్చున్నాయన నా వైపు చూడకుండానే గ్లాసు అందుకుని, సగం తన దాంట్లో వంపుకుని, తిరిగి నా చేతిలో పెట్టాడు. మొదట్లో తనకూ అలాగే చేసేవారట. బావా, ఇన్నేళ్లలో నాకు సలహా ఇవ్వనివాళ్లు లేరు. వణికే చేతికి ఎంత టీ పోయాలో తెలిసినవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను.

ఇది 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరితో మొదలైందట. ఒకడు షేర్ల వ్యాపారి, ఇంకొకడు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఒకరి తాగుడు కథ ఒకరు చెప్పుకుంటూ మానేశారు. ఇక్కడా అంతే. ఫీజు లేదు. చివర్లో డబ్బా తిప్పుతారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. మానాలనే కోరిక ఒక్కటి ఉంటే చాలు. పేర్లు మాత్రం నీకు రాయను, అక్కడి మాట అక్కడే.

నా వంతు వచ్చినప్పుడు మా అమ్మ సంగతి చెప్పాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, మా ఊళ్లో కొంగు బిగించి ప్యాకెట్లు నేలపాలు చేసినవాళ్లలో ఆమె ఉంది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఆ నడుమ కాలంలోనే దొంగచాటుగా నా మొదటి సీసా కొన్నాను. మీ ఒంగోలు గృహప్రవేశం సంగతి కూడా చెబుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

దెబ్బతీసినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవడం తొమ్మిదో మెట్టట. నేనింకా మొదటి మెట్టు మీదే ఉన్నాను, ఇది నా చేయి దాటిపోయిందని ఒప్పుకోవడం దగ్గర. అందుకే ఈ ఉత్తరంలో క్షమాపణ అడగడం లేదు. ఆ గృహప్రవేశంలో పగిలిన గాజు తలుపు ఖరీదు ఎనిమిది వేలు, దానితోపాటు మీ నాన్నగారిని అన్న మాట, రెండూ నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఇంటికి రాగానే మీ చెల్లెలు అడిగిన మొదటి ప్రశ్న, "తినడానికేమైనా పెట్టారా?" బిస్కెట్లన్నాను. ఈసారి తను కారప్పూస చేసి ఇస్తానంటోంది. ఇంట్లోవాళ్లకూ అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయని చెప్పాను, ఉలకలేదు పలకలేదు. నేను బలవంతపెట్టలేదు.

గురువారం ఏడింటికి మళ్లీ వెళ్తున్నాను. ఆ గంటన్నర తప్ప ఎప్పుడైనా ఫోను చెయ్యి. గొంతు వెతుక్కో, ఫరవాలేదు.

నీ
బావ