అగ్గిపెట్టెంత నీడ గడియారం

ఒరేయ్ సూరీ,

మీవాడు గడియారం చూడటం నేర్చుకుంటున్నాడని రాశావుగా, అప్పటినుంచీ ఈ సంగతి నీకు చెప్పాలని ప్రాణం లాగేస్తోందిరా.

కొరియావాళ్ళ పాత నీడ గడియారం ఒకటుంది. అంగ్‌బుఇల్గు అంటారు. వెల్లకిలా పెట్టిన మూకుడులా ఉంటుందనే ఆ పేరు. 1434లో సెజోంగ్ రాజు దాన్ని రాజధాని వీధుల్లో పెట్టించాడు. చదువు రానివాళ్ళకీ తెలియాలని వేళలకి కుందేలు, గుర్రం, కోడి లాంటి బొమ్మలు వేయించాడు. ఎంత మంచి మనసురా ఆయనది!

నన్ను కట్టిపడేసింది మాత్రం 1871లో కాంగ్ గన్ అనే ఆయన చేసిన బుల్లి గడియారం. పొడవు 5.6 సెంటీమీటర్లు, వెడల్పు 3.3, మందం 1.6. అంటే మన అగ్గిపెట్టెంత రాయి! అందులోనే చిన్న గుంట, పక్కన దిక్సూచి. చదునుగా పెట్టి, ముల్లు ఉత్తరానికి కుదిరేదాకా తిప్పి, గుంటలో సూది కొన నీడ ఏ గీత మీదుందో చూడటమే. వాళ్ళ వేళ ఒక్కోటీ మనకి రెండు గంటలు. దాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగం పదిహేను నిమిషాలు. అడ్డగీతలు రుతువుని చెబుతాయి. ఎండాకాలం నీడ గుంట అడుగుకి దిగుతుంది, చలికాలం ఉత్తరపు అంచు వైపు ఎక్కుతుంది.

గుంట ఎందుకో తెలుసా? ఆకాశాన్ని తిరగేసి అందులో పెట్టారన్నమాట. మొన్న మా డాబా మీద కొబ్బరి చిప్పలో చేసి చూశాను. దక్షిణం వైపు పుల్ల గుచ్చి, కొన ఉత్తరానికి కాస్త పైకెత్తి, సరిగ్గా చిప్ప నడిమధ్యకి, అంచు మట్టానికి వచ్చేలా పెట్టాను. గంటగంటకీ బొగ్గుతో చుక్క పెడితే, చుక్కల మధ్య ఎడం అంతా సమానంగా వచ్చింది! బల్లపరుపు పలక మీద అలా రాదు. నాకు ఒళ్ళు పులకరించిపోయిందనుకో.

ఒక్కటే చిక్కు. కాంగ్ గన్ సూది వాలు సియోల్ అక్షాంశానికి తగ్గట్టు, సుమారు 37న్నర డిగ్రీలు. మన అన్నవరం కొండమీది నీడ గడియారం పక్కన పెడితే అది తప్పు చెబుతుంది. అక్కడ 17 డిగ్రీలు చాలు. చేతిలో పట్టుకెళ్ళగలిగినా సొంత ఊరు వదల్లేని గడియారమది. 1890లో సాంగ్ జిక్‌హ్యోన్ అనే ఆయన ఆ ముడి కూడా విప్పాడు. బంతిలాంటి గడియారం చేసి, ఏ ఊరికి వెళితే ఆ ఊరికి తగ్గట్టు వాలు మార్చుకునేలా పెట్టాడు. అది ఎలా పోయిందో అమెరికా చేరి, 2022లో వేలంలో కొంటే మళ్ళీ కొరియాకి వచ్చింది.

ఈసారి చెల్లెమ్మ కొబ్బరికాయ కొట్టినప్పుడు ఒక చిప్ప దాచమను. సంక్రాంతికి వచ్చి మీవాడితో చేయిస్తాను.

నీ
రాఘవ