ట్యాబ్ మూస్తే మెయిల్ మూతపడదు: మీ నెట్ సెంటర్ల కంప్యూటర్ల అమరికపై ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

నమస్కారం.

విషయం: మీ సెంటర్లలోని కంప్యూటర్లలో వాడుకరుల ఈమెయిల్ ఖాతాలు సైనౌట్ కాకుండా మిగిలిపోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థ బోర్డుతో నడిచే నెట్ సెంటర్లకు వెళ్లి దరఖాస్తులు నింపుకునే విద్యార్థులకు, ఉద్యోగార్థులకు కంప్యూటర్ పాఠాలు చెప్పే బృందం మాది. ఈ ఫిర్యాదు ఏ సెంటర్ సిబ్బంది మీదా కాదు. కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ల చేతిలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండదు. అన్ని సెంటర్లలోనూ మీ హెడ్డాఫీసు వేసి పంపిన అమరికే (సెట్టింగులే) నడుస్తోంది. లోపం ఆ అమరికలోనే ఉంది కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాం.

ఒకరు మెయిల్ చూసుకుని డబ్బులు కట్టి వెళ్లిపోయాక, అదే కుర్చీలో కూర్చున్న తర్వాతి మనిషికి ఆ మెయిల్ తెరుచుకుంటోంది. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. ప్రతి క్యాబిన్‌లోనూ "పని అయ్యాక ట్యాబ్ మూసి వెళ్లండి" అని మీరు అంటించిన కాగితం ఉంది. ఆ కాగితాన్ని నమ్మి, దాని మీద రాసినట్టే చేసి వెళ్లిన వాళ్ల మెయిళ్లే ఇలా బయటపడుతున్నాయి.

ట్యాబ్ మీది ఇంటూ గుర్తు నొక్కితే పేజీ కనబడకుండా పోతుందే తప్ప లాగిన్ పోదు. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే, ఈ మనిషి గుర్తింపు చూపించాడు అనే ఆనవాలు ఒక కుకీగా (చిన్న సమాచార ఫైలుగా) బ్రౌజర్‌లో చేరుతుంది. సైనౌట్ నొక్కినప్పుడో, కుకీలు చెరిపినప్పుడో, దాని గడువు తీరినప్పుడో, అవతలి సర్వర్ దాన్ని రద్దు చేసినప్పుడో తప్ప అది పనిచేస్తూనే ఉంటుంది. ట్యాబ్ మూసేశాక కూడా కంట్రోల్, షిఫ్ట్, టీ మీటలు కలిపి నొక్కితే అదే పేజీ తిరిగొస్తుంది. అడ్రస్ గడిలో జీమెయిల్ అని కొట్టినా చాలు, ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది.

కొన్ని సైట్లు బ్రౌజర్ పూర్తిగా మూస్తే చెరిగిపోయే కుకీలే పెడతాయి. మీ అమరిక ఆ రక్షణను కూడా తీసేసింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో "ఆన్ స్టార్టప్" దగ్గర "కంటిన్యూ వేర్ యూ లెఫ్ట్ ఆఫ్" ఎంచి ఉంది. దీనివల్ల నిన్నటి ట్యాబ్‌లతో పాటు, మూయగానే పోవాల్సిన తాత్కాలిక కుకీలు కూడా తిరిగి వస్తాయి. దానికి తోడు, క్రోమ్ మూసినా వెనకాల ఆప్‌లు నడుస్తూ ఉండే వీలు కూడా తెరిచే ఉంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ సౌకర్యాలే. గంటకో మనిషి మారే కంప్యూటర్‌లో ఇవి ఉండకూడదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు బ్రౌజర్ లాగిన్. క్రోమ్‌లో జీమెయిల్ తెరిస్తే ఆ ఖాతా బ్రౌజర్‌కూ అతుక్కునే పద్ధతి 2018లో వచ్చిన 69వ వెర్షన్‌తో మొదలైంది. ఆ మీదట తెర మీద వచ్చే ప్రశ్నకు "యస్" అని నొక్కి సింక్ (అన్ని పరికరాల్లోని సమాచారాన్ని ఒకటిగా కలపడం) మొదలుపెడితే, ఇంటి కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, హిస్టరీ మీ కంప్యూటర్‌లోకి దిగిపోతాయి. ఆ తర్వాత జీమెయిల్‌లో సైనౌట్ నొక్కినా సింక్ ఆగుతుంది తప్ప, అప్పటికే దిగిన సరుకు ఆ ప్రొఫైల్‌లోనే ఉంటుంది. మెయిల్ నుంచి బయటికి రావడం, బ్రౌజర్ నుంచి బయటికి రావడం రెండు వేర్వేరు పనులని గంటకు ఇంత అని కట్టి హాల్ టికెట్ ప్రింట్ తీసుకోవడానికి వచ్చిన పిల్లకు తెలియాలని ఆశించడం న్యాయం కాదు. మేం చూసిన సెంటర్లలో ప్రొఫైల్ గుర్తు నొక్కితే వేర్వేరు మనుషుల పేర్లు, ఫొటోలు వరసగా కనిపించాయి. వాటిలో దేన్నీ మేం తెరవలేదు.

గూగుల్ లాగిన్ పేజీయే "ఇది మీ కంప్యూటర్ కాకపోతే గెస్ట్ మోడ్ వాడండి" అని చెబుతుంది. అందులో మూయగానే లాగిన్, హిస్టరీ చెరిగిపోతాయి. మీ కంప్యూటర్లలో ప్రొఫైల్ మెనూ తెరిస్తే గెస్ట్ అనే మాటే లేదు. ఎవరో పాలసీ (వాడుకరి మార్చలేని అడ్మిన్ నియమం) పెట్టి మరీ ఆపేశారు. కారణం అడిగితే సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం ఏడాది రికార్డు ఉంచాలి గనక అని మీ సాంకేతిక విభాగం చెప్పిందట. దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు లాగ్ రిజిస్టర్‌ను కనీసం ఏడాది భద్రంగా ఉంచమంటాయి. అందులో పేరు, చిరునామా, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు వివరం, ఏ కంప్యూటర్, వచ్చిన సమయం, వెళ్లిన సమయం ఉండాలి. చూసిన వెబ్‌సైట్ల చరిత్ర, ప్రాక్సీ సర్వర్ (సెంటర్ కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే సర్వర్) లాగ్‌లు కూడా ఏడాది దాచాలి. నిజమే. అయితే అవి యజమాని అదుపులో ఉండాల్సిన రికార్డులు. వాటి చోటు ప్రాక్సీలోనో రౌటర్ వెనక సర్వర్‌లోనో. తర్వాత వచ్చే కస్టమర్ చేతికందే బ్రౌజర్ హిస్టరీ రికార్డు కానే కాదు, ఎవరైనా ఒక్క నిమిషంలో చెరిపేయగలరు. ఇక లాగిన్ కుకీలను, పాస్‌వర్డ్‌లను ఉంచమని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. గెస్ట్ మోడ్ పెట్టినా ప్రాక్సీ లాగ్ ఎప్పటిలాగే పడుతుంది.

కొన్ని సెంటర్లలో సిబ్బంది తమకు తోచిన మేర ఇన్‌కాగ్నిటో (హిస్టరీ దాచని ప్రైవేట్ విండో) వాడమని చెబుతున్నారు. మంచి ఉద్దేశమే, కానీ సగం రక్షణే. తెరిచిన ఇన్‌కాగ్నిటో విండోలన్నిటికీ లాగిన్ ఒకటే. ఒకదాన్ని మూసి మరొకటి టాస్క్‌బార్‌లో మిగిలి ఉంటే మెయిల్ ఇంకా తెరిచే ఉన్నట్టు. పైగా డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లను ఇన్‌కాగ్నిటో చెరపదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో బయోడేటాలు, మార్కుల మెమోలు, ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు పోగుపడి ఉన్నాయి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే ఉన్న బయోడేటాలో దొరుకుతాయి. తాళమూ తాళంచెవీ ఒకే ఫోల్డర్‌లో పడి ఉన్నాయి.

ఓటీపీ ఉంది కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. రెండంచెల ధ్రువీకరణలో "ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు" అనే గడిలో టిక్ ఉండిపోతే, సైనౌట్ అయ్యాక కూడా ఆ కంప్యూటర్ నమ్మకమైనదిగానే లెక్క. పాస్‌వర్డ్ కూడా అదే బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంటే ఇక అడ్డేముంది? మెయిల్ చేతికి చిక్కితే అక్కడితో ఆగదు. చాలా సైట్లలో "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లింకు వచ్చేది మెయిల్‌కే. ఈఏపీసెట్ దరఖాస్తు నుంచి ఉద్యోగ ఆఫర్ లెటర్ వరకు అన్నీ అందులోనే ఉంటాయి.

మరో లోపం మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సమయం అయిపోగానే అది తెర మీద తాళం బొమ్మ వేస్తుంది గానీ విండోస్‌ను లాగాఫ్ చేయదు. కొత్త కస్టమర్ టోకెన్ కొట్టగానే పాత మనిషి తెరిచిన కిటికీలు (విండోలు) అలాగే ప్రత్యక్షమవుతాయి. గడువు ముగిసి అర్ధాంతరంగా లేచినవాళ్లకు సైనౌట్ నొక్కే వీలే లేదు. తాళం పడ్డాక వాళ్లేం చేయగలరు?

కాబట్టి ప్రతి మనిషీ లేచినప్పుడు కంప్యూటరే అన్నీ చెరిపేయాలి. సైనౌట్ బాధ్యత వాడుకరి జ్ఞాపకశక్తి మీద వదిలేయకూడదు. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, విండోస్ గ్రూప్ పాలసీలో (కంప్యూటర్లన్నిటికీ నియమాలు పెట్టే చోటులో) మార్పులు చాలు. క్రోమ్‌లో "బ్రౌజర్ గెస్ట్ మోడ్ ఎన్‌ఫోర్స్‌డ్" అనే పాలసీ పెడితే బ్రౌజర్ ఎప్పుడూ గెస్ట్‌గానే తెరుచుకుంటుంది. గెస్ట్ కిటికీలన్నీ మూయగానే కుకీలు, హిస్టరీ పోతాయి. ఏ కారణం చేతనైనా అది వద్దనుకుంటే "ఫోర్స్ ఎఫెమరల్ ప్రొఫైల్స్" (మూయగానే చెరిగిపోయే తాత్కాలిక ప్రొఫైళ్లు) పెట్టి, "బ్రౌజర్ సైనిన్" విలువను 0 చేసి (అంటే బ్రౌజర్‌లోకి ఎవరూ లాగిన్ కాకుండా ఆపి), పాస్‌వర్డ్ మేనేజర్‌నూ ఆటోఫిల్‌నూ ఆపండి. "రీస్టోర్ ఆన్ స్టార్టప్" విలువ 5 ఉండాలి, అంటే కొత్త ట్యాబ్‌తో మొదలు కావాలి. "బ్యాక్‌గ్రౌండ్ మోడ్" ఆపేయాలి. కిటికీ మూయకుండా లేచిపోయేవాళ్ల కోసం "ఐడిల్ టైమౌట్" పాలసీ ఉంది. పెట్టినన్ని నిమిషాలు ఎవరూ ముట్టకపోతే బ్రౌజర్‌ను మూసేలా చెప్పవచ్చు. అమరిక నిజంగా పట్టిందో లేదో క్రోమ్‌లోని పాలసీ పేజీలో ఒక్కొక్కటిగా కనిపిస్తుంది. హెడ్డాఫీసులో సరిచూస్తే సరిపోదు, ప్రతి సెంటర్‌లోనూ చూడాలి.

మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌ను మరిచిపోవద్దు. క్రోమ్ ఒక్కదాన్నే సరిచేస్తే రెండో బ్రౌజర్ కన్నంలా మిగులుతుంది. ఎడ్జ్ కియోస్క్ మోడ్‌లో (పదిమంది వాడే కంప్యూటర్ల కోసం పెట్టిన పద్ధతిలో) పబ్లిక్ బ్రౌజింగ్ అనే తీరు ఉంది. "ఎండ్ సెషన్" బొత్తాం నొక్కితే కుకీలు, హిస్టరీ చెరుగుతాయి, మామూలుగా అయిదు నిమిషాలు ఎవరూ ముట్టకపోయినా చెరుగుతాయి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్ అండ్ అకౌంట్స్ పేజీనీ చూడండి. బ్రౌజర్‌ను ఎంత శుభ్రం చేసినా అక్కడ చేరిన ఖాతాలు పోవు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సమయం ముగియగానే విండోస్‌ను లాగాఫ్ చేసేలా మార్చండి, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ అప్పుడే ఖాళీ కావాలి.

గోడ మీది కాగితం మాత్రం ఈ వారమే మారాలి. దాని మీద ఇలా ఉంటే చాలు:

"మెయిల్ తెరిచేటప్పుడు 'స్టే సైన్డ్ ఇన్' అని అడిగితే 'నో' నొక్కండి, టిక్ ఉంటే తీసేయండి. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటే వద్దనండి. 'ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు' టిక్ తీసేయండి. పని అయ్యాక కుడివైపు పైన మీ ఫొటో లేదా మీ పేరులోని మొదటి అక్షరం నొక్కి సైనౌట్ చేయండి. తర్వాత వచ్చే పేజీలో మీ మెయిల్ అడ్రస్ ఇంకా కనిపిస్తే 'రిమూవ్ యాన్ అకౌంట్' నొక్కి తీసేయండి. వాట్సాప్ వెబ్ వాడి ఉంటే ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేయండి. దించుకున్న ఫైళ్లను షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి చెరపండి. కిటికీలన్నీ మూసి, మళ్లీ ఒకసారి మెయిల్ తెరిచి చూడండి. పాస్‌వర్డ్ అడిగితేనే లేవండి."

ఆ చివరి రెండు మాటలు తప్పకుండా ఉంచండి. సైనౌట్ అయిందో లేదో వాడుకరి అక్కడికక్కడే తనంతట తాను తేల్చుకోగల పరీక్ష అది.

ఇప్పటికే ఖాతాలు వదిలి వెళ్లినవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వాళ్లెవరో మీ లాగ్ రిజిస్టర్‌లో ఫోన్ నంబర్లతో సహా ఉంది, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నారో కూడా ఉంది. వాళ్లందరికీ తెలుగులో ఎస్సెమ్మెస్ పంపండి. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీ విభాగంలో "యువర్ డివైసెస్" చూసి, తమది కాని విండోస్ కంప్యూటర్‌ను సైనౌట్ చేయమనండి. రెండంచెల ధ్రువీకరణ పేజీలో నమ్మకమైన పరికరాల జాబితాను రద్దు చేయమనండి. ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చమనండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ (వచ్చిన మెయిళ్లను మరో అడ్రస్‌కు పంపే ఏర్పాటు), ఫిల్టర్లు, గూగుల్ అకౌంట్‌లో రికవరీ ఫోన్ నంబరు చూసుకోమని చెప్పడం మరవొద్దు. ఎవరైనా ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చాక కూడా మెయిళ్లు అవతలికి పోతూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే అన్నిచోట్లా సైనౌట్ చేసే వీలు సెక్యూరిటీ పేజీలో ఉంది గానీ, అమలు కావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు. అందుకే అక్కడ ముందు పాస్‌వర్డ్ మార్చుకోవాలి. డబ్బు పోయినట్టు గమనించినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆ సందేశంలోనే చెప్పండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా ఏయే మార్పులు ఏ తేదీకి చేస్తారో రాతపూర్వకంగా తెలపండి. డబ్బు తీసుకుని ఇచ్చే సేవలో ఇది లోపం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. మార్పులు చేస్తామంటే, అమరిక సరిచూడటానికి మీ సాంకేతిక సిబ్బందితో కూర్చోవడానికి మా బృందం సిద్ధం, రుసుము ఏమీ అక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. పాత ప్రొఫైళ్లను తీసేటప్పుడు మీ టెక్నీషియన్లు వాటిని తెరవకూడదు. క్రోమ్‌లో మేనేజ్ ప్రొఫైల్స్ పేజీలో ఒక్కో పేరు పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి, తెరవకుండానే డిలీట్ చేయవచ్చు. ఆ పని ఇద్దరు సిబ్బంది సమక్షంలో జరగాలి, ఏ కంప్యూటర్ ఎప్పుడు శుభ్రమైందో సంతకాలతో రాసి ఉంచాలి.

ఇట్లు,
కంప్యూటర్ శిక్షణ బృందం సభ్యులు