థ్రిల్లర్‌నీ వాక్యాలతోనే రాస్తారు

సంపాదకులకు నమస్కారం.

లక్షల కాపీలు అమ్ముడుపోయే థ్రిల్లర్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. "వాటిని జనం కథ కోసం చదువుతారు, రచన కోసం కాదు" అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. 24 ఏళ్లుగా పుస్తకాలకి ప్రూఫులు దిద్దడమే నా పని. కవిత్వం, పాఠ్యపుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు, నవలలు అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. వాటిలో థ్రిల్లర్లూ చాలానే ఉన్నాయి. కథ ఒకచోట, రచన ఇంకోచోట ఉన్న పుస్తకం మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు.

ప్రూఫ్ చూసేవాళ్ళు చదివే పద్ధతి వేరు. అర్థం వెంట పడితే అక్షరం జారిపోతుంది. అందుకని పేజీ మీద స్కేలు పెట్టుకుని, ఒక్కో లైనూ కిందికి జరుపుకుంటూ, మాట మాటా విడదీసి చూస్తాను. అలా చూసే నన్ను కూడా ఒకసారి ఒక థ్రిల్లర్ లాక్కుపోయింది. పది పేజీలు తిరిగాక చూసుకుంటే మార్జిన్‌లో ఒక్క గుర్తు లేదు. స్కేలు ఎప్పుడు పక్కన పెట్టానో తెలియదు. మళ్ళీ మొదటి నుంచి చూస్తే ఆరు తప్పులు దొరికాయి. ఆ పది పేజీల్లో జరిగిందేమిటంటే, ఒకామె మెట్లెక్కి వచ్చి, తాళం తీసి, చీకట్లో స్విచ్ కోసం గోడ తడుముకుంది. అంతే. కథ అని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. తాళం తిరిగిన చప్పుడు ఏ వాక్యంలో పెట్టాలి, స్విచ్ దొరకడాన్ని ఎన్ని వాక్యాల దూరం జరపాలి, ఎక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలి అన్నది ఆ రచయితకి తెలుసు. దాన్ని రచన అనకపోతే ఇంకేమనాలి?

వ్యాసకర్త గొప్ప సాహిత్యానికి ఉదాహరణగా రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ పేరు చెప్పారు. నాకూ ఆయనంటే ప్రాణం. అయితే 'నేరము-శిక్ష' 1866లో ఒక పత్రికలో నెలనెలా సీరియల్‌గా వచ్చిన నవల అన్న సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది, చంపిందెవరో మనకి తెలుసు. చంపినవాడు ఇంకా ఆ ఇంట్లోనే ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి వస్తుంది. చివరి క్షణంలో అతను తలుపుకి కొక్కెం తగిలిస్తాడు. వచ్చినవాడు గంట కొడతాడు, పిడి పట్టుకుని గుంజుతాడు. లోపల కొక్కెం ఎగిరెగిరి పడుతుంటే మన హంతకుడు దానివైపే చూస్తూ నిలబడిపోతాడు. ఇంతలో ఇంకో కుర్రవాడు పైకి వస్తాడు. గుంజినప్పుడల్లా తలుపు కాస్త కదులుతోందని అతను గమనిస్తాడు. బయట నుంచి తాళం వేసి ఉంటే తలుపు అలా కదలదు, లోపల కొక్కెం పెట్టి ఉంది, అంటే లోపల మనిషి ఉన్నాడు! ఆ మాట అతను పైకి అనేసరికి, తలుపుకి ఇవతల హంతకుడితో పాటు మనమూ ఊపిరి బిగబడతాం. దొరికిపోకూడదని కోరుకుంటాం. ఒక చిన్న కొక్కెంతో మనల్ని హంతకుడి పక్షాన నిలబెట్టిన రచన అది. థ్రిల్లర్ రాసేవాళ్ళు రోజూ చేయాలని చూసేది సరిగ్గా ఆ పనే. కొందరికి చేతనవుతుంది, చాలామందికి కాదు.

ఇక డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ. 1926లో వచ్చిన ఆమె నవల ఒకటి ఉంది. చదవనివాళ్ళ ఆనందం పాడవకూడదని పేరు చెప్పడం లేదు. అందులో ఒక వాక్యంలో టైము 8.40, పక్క వాక్యంలో 8.50. మొదటిసారి చదివినప్పుడు ప్రూఫ్ చూసే నా కన్ను కూడా ఆ రెండిటి మధ్య ఆగలేదు. ముగింపుకి వచ్చాక వెనక్కి తిరగేస్తే, అసలు సంగతి జరిగిపోయిన ఆ పది నిమిషాలు అక్కడే ఉన్నాయి, రెండు వాక్యాల మధ్య ఖాళీలో. ఒక్క అబద్ధం లేదు. రాసిన ప్రతి మాటా నిజమే. మాటలు మోసం చేయకుండా పాఠకుణ్ణి మోసం చేయడం ఎంత కష్టమో వాక్యాలతో పని చేసేవాళ్ళకి తెలుస్తుంది. రచయిత్రి మోసం చేసిందని అప్పట్లో కొందరు పాఠకులు గొడవ పెట్టారు కూడా. నేను మాత్రం ఆ రెండు వాక్యాలనీ ఒక కాగితం మీద రాసుకుని, పనిచేసే బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను.

ముగింపు తెలిసిపోతే థ్రిల్లర్‌లో ఇంకేమీ మిగలదని కూడా వ్యాసంలో ఉంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ని చంపడానికి కిరాయి హంతకుణ్ణి పెట్టిన కథ 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో వచ్చింది. డి గాల్ అంతకుముందు ఏడాదే, 1970లో, తన ఇంట్లో సహజంగా చనిపోయాడు. హంతకుడు గెలవడని మొదటి పేజీ తెరవకముందే అందరికీ తెలుసు. ఆ కారణంగానే కొందరు ప్రచురణకర్తలు దాన్ని వద్దన్నారు. అయినా ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళు దించలేకపోయారు. దాన్ని రాసిన ఫ్రెడరిక్ ఫోర్సైత్ అంతకుముందు విలేకరి. భాష కూడా వార్త రాసినట్టే ఉంటుంది. అలంకారాల హడావుడి ఉండదు. హంతకుడు శ్మశానంలో తిరిగి, తన ఈడుకి సరిపోయే, పసితనంలోనే చనిపోయిన పిల్లవాడి పేరు వెతుక్కుంటాడు. ఆ పేరు మీద జనన ధ్రువపత్రం తీయించి పాస్‌పోర్టుకి దరఖాస్తు పెడతాడు. ఇదంతా ఆఫీసు పని చెప్పినంత నింపాదిగా చెప్తాడు రచయిత. ఆ నింపాదితనమే గుండెల్లో గుబులు పుట్టిస్తుంది. అక్కడ ఒక్క ఉపమానం వేసినా చెడిపోయేది. భాష కనబడకుండా ఉండాల్సిన చోట కనబడకుండా ఉంచడం కూడా రచనలో భాగమే. పొగడటానికి ఒక్క వాక్యం విడిగా దొరకలేదని చెప్పి దాన్ని రచనే కాదనడం న్యాయం కాదు.

ఇన్ని చెప్పానని, అమ్ముడుపోయిందల్లా బాగుందని అనను. ఎంత చెత్త నా బల్ల మీదికి వచ్చిందో నాకు తెలుసు. బాగా అమ్ముడైన ఒక పుస్తకంలో హీరో గుండె 17 సార్లు 'ఝల్లుమంది'. లెక్క పెట్టి మార్జిన్‌లో రాశాను, అయినా అలాగే అచ్చయింది. అదే పుస్తకంలో మూడో ప్రకరణంలో ఎడమ చేతికి తగిలిన గాయం పదకొండో ప్రకరణానికి కుడి చేతికి మారింది. దాన్ని మాత్రం దిద్దారు. ప్రకరణం చివర "తలుపు తీయగానే కనబడిన దృశ్యానికి అతను కొయ్యబారిపోయాడు" అని ఆపేసి, తర్వాతి పేజీలో అది పిల్లి అని చెప్పే రచయితలున్నారు. ఒకసారి చేస్తే నవ్వుకుంటాం, నాలుగోసారి చేస్తే ఇక నమ్మం. హీరోకి తెలిసిన సంగతిని, హీరో మనసులోంచే కథ చెప్తూ, మన దగ్గర మాత్రం దాచిపెట్టేవాళ్ళున్నారు. క్రిస్టీ ఖాళీకీ ఈ దాచుడుకీ చాలా తేడా ఉంది. ఆమె ఎదురుగా పెట్టి, మనం చూడకుండా చేసింది. వీళ్ళు జేబులో పెట్టుకున్నారు.

మా అమ్మకి చూపు తగ్గి ఏడేళ్ళయింది. రోజూ రాత్రి ఆమెకి గంటసేపు చదివి వినిపిస్తాను. పుస్తకం బాగోగులు అమ్మ చెవికి తెలిసినంత బాగా నా కంటికి తెలియవు. బాగా పేరొచ్చిన ఒక థ్రిల్లర్ మొదలుపెట్టిన మూడో రోజున అమ్మ నన్ను ఆపి, "ఏమే, వీళ్ళందరూ ఒకేలా మాట్లాడుతున్నారేంటి? పోలీసూ అట్లాగే, దొంగా అట్లాగే. ఎవరు మాట్లాడుతున్నారో నువ్వు చెప్తే గానీ తెలియట్లేదు" అంది. ఆ పుస్తకం అక్కడితో మూసేశాం. ఇంకో థ్రిల్లర్‌లో నేను కావాలనే "అన్నాడు", "అంది" వదిలేసి చదివినా అమ్మ ఎక్కడా తడబడలేదు. పని మనిషి మాట వేరు, ఇన్‌స్పెక్టర్ మాట వేరు, అబద్ధం చెప్పేటప్పుడు భార్య వాక్యాలు పొడుగవుతాయి. ఈ చివరిది నేను కనిపెట్టింది కాదు, అమ్మ చెప్పింది. అబద్ధం చెప్తున్నప్పుడు ఆవిడ ఎక్కువ మాట్లాడుతోంది చూడు, అని. ఆ పుస్తకం అయిపోయిన నెలకి అమ్మే మళ్ళీ చదవమంది. హంతకుడెవరో తెలుసు కదమ్మా అంటే, "తెలిశాక వినాలనుంది" అంది.

నాకు వేరే కొలత లేదు. రెండోసారి చదివినప్పుడు ఏం మిగిలిందో చూస్తాను. అవార్డులొచ్చిన గంభీరమైన నవలల్లో కూడా రెండోసారి తెరవలేనివి ఎన్నో నా చేత ప్రూఫులు దిద్దించుకున్నాయి. ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్ అంతటివాడు తన పుస్తకాల్లో కొన్నిటిని నవలలనీ, కొన్నిటిని వినోదాలనీ విడదీసి అచ్చు వేయించుకున్నాడు. తర్వాత ఆ విభజనని ఆయనే వదిలేశాడు.

సంపాదకులకు ఒక మనవి. మీ పుస్తక సమీక్షల పేజీలో థ్రిల్లర్ వస్తే మూడు లైన్లు వేస్తారు. మూడో లైను ఎప్పుడూ "ఆపకుండా చదివిస్తుంది" అనే ఉంటుంది. ఎలా చదివిస్తుందో రాయించండి. ఏ ప్రకరణంలో ఏ వాక్యం దగ్గర సమీక్షకుడికి నిద్ర ఎగిరిపోయిందో, ఎక్కడ విసుగొచ్చి పేజీలు దాటేశాడో రాయించండి. కవితా సంకలనానికి ఇచ్చేటంత చోటు ఒక్కసారి థ్రిల్లర్‌కి ఇచ్చి చూడండి. అచ్చైన రోజు రాత్రి అమ్మకి ముందు ఆ సమీక్షే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
24 ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న ఒక పాఠకురాలు