చేప పిల్లలు వదిలే ముందు చెరువులో ఏముందో చూడండి

తెలంగాణ మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది చేపలు పట్టి బతికే కుటుంబం. మృగశిర కార్తె నాడు మా నాన్న బుట్టలో ఒకప్పుడు కొర్రమట్ట, వాలుగ, జెల్ల, మార్పు, బొమ్మిడాయి, పరకలు అన్నీ కలిసి ఉండేవి. ఇప్పుడు బొచ్చె, రోహు, బంగారు తీగ. వాలుగను ఆయన చూసి ఆరేళ్లయింది.

2016 నుంచి ప్రభుత్వం ఏటా కోట్ల చేప పిల్లలను ఉచితంగా ఇస్తోంది. వాటి వల్లే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, ఆపమని అడగను. కానీ మా చెరువులో ఎన్ని పిల్లలు వదిలారో కాగితం మీద ఉంది. తరతరాలుగా అక్కడ బతుకుతున్న చేపలేవో ఏ కాగితంలోనూ లేదు.

బొచ్చె పైనీళ్లలో, రోహు నడుమ, మ్రిగాల అడుగున మేస్తాయి. మూడూ కలిపి వదిలేది చెరువంతా వాడుకోవడానికే. మరి చిన్న చేపలకు మిగిలేదేంటి? పెంపకం భాషలో వాటి పేరు కలుపు చేపలు. ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. మా అమ్మ ముల్లుతో సహా నమిలించి మమ్మల్ని పెంచింది ఆ పరకలతోనే.

చెరువు చెరువుకూ, మంజీర, మానేరు, మూసీలకూ ఏ చేప ఎక్కడుందో చూపే మ్యాప్ చేయించండి. నీళ్లు తగ్గే వేసవిలో ఒకసారి, మత్తడి దూకి చేపలు ఎదురెక్కే వానాకాలంలో ఒకసారి. ఫోన్లో ఫొటో, చోటు, తేదీ, ఊళ్లో పిలిచే పేరు, వల కన్ను (రంధ్రం) ఎంతో రాసుకుంటే చాలు. వల వేసినా దొరకని చేప పేరూ రాయాలి. ఏది ఎక్కడ తగ్గిందో తెలిసేది దాన్నిబట్టే. మేం జెల్ల అని పిలిచేవాటిలోనే ఎన్నో రకాలున్నాయి, కాబట్టి గుర్తుపట్టే పని శాస్త్రవేత్తలకు ఇవ్వండి. భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య కమిటీ, ఊళ్లోని జీవజాలాన్ని రాసిపెట్టే రిజిస్టర్ ఉండాలి. చెరువు వివరాలకు అందులోనే చోటివ్వొచ్చు.

అరుదైనవి తేలిన చెరువుల్లో పిల్లలు వదలొద్దు, ఆ చెరువు మత్స్యకారుల సొసైటీకి నష్టం కట్టివ్వండి. వాగు మీద చెక్‌డ్యాం కట్టే ముందు ఆ మ్యాప్ చూడండి. కొర్రమీను మన రాష్ట్ర చేప. అది తనంతట తాను పిల్లలు చేస్తున్న చెరువులేవో ముందు తేల్చండి.

వచ్చే వేసవికే మొదలుపెట్టండి. మా చెరువుకు మీ మనుషులు వస్తే మా నాన్న వల తీసుకుని వస్తారు.

ఇట్లు,
వరంగల్ జిల్లా నుంచి ఒక మత్స్యకారుడి కూతురు